ఓడలకు బదులు పైకం: ఏథెన్స్ కూటమి, నిజాం ఒడంబడిక

అగ్రరాజ్యాల పోటీ గురించి ఎవరు రాసినా ఈ మధ్య థూసిడిడీస్ పేరు తలవకుండా ఉండడం లేదు. హార్వర్డ్ ఆచార్యుడు గ్రాహం ఆలిసన్ 2017లో ప్రచురించిన పుస్తకం ఇందుకు చాలావరకు కారణం. ఏథెన్స్ ఎదుగుదల స్పార్టాకు భయం పుట్టించిందనీ, ఆ భయమే యుద్ధాన్ని తప్పనిసరి చేసిందనీ ఆ గ్రీకు చరిత్రకారుడు అన్న మాటను పట్టుకుని, గడిచిన 500 ఏళ్లలో అలాంటి సందర్భాలు 16 ఉన్నాయని ఆలిసన్ ఏరి చూపారు. వాటిలో 12 యుద్ధంగానే ముగిశాయని తేల్చారు. అమెరికా, చైనా తలపడతాయా అన్న ప్రశ్న అందరి నోటా నానుతున్న కాలంలో ఆ లెక్క పత్రికలకూ మంత్రులకూ బాగా అక్కరకొచ్చింది.

కానీ అది ఇద్దరు బలవంతుల కథ. వాళ్లిద్దరి నడుమ బతికిన చిన్న నగరాలకు అందులో చోటు లేదు. ఆధిపత్యం అంటే ఏమిటో తెలియాలంటే ఆ చిన్న నగరాల వైపు నుంచే చూడాలి. అందుకు దారి కూడా థూసిడిడీసే చూపాడు. ఆయన చరిత్ర గ్రంథంలో ఆ ప్రసిద్ధమైన మాట ఉన్న మొదటి భాగంలోనే, 99వ అధ్యాయంలో, చాలామంది చదివి దాటిపోయే ఒక చిన్న పేరా ఉంది. మిత్ర నగరాలు ఏథెన్స్ మీద ఎందుకు తిరగబడ్డాయి, తిరగబడి ఎందుకు ఓడిపోయాయి అన్నది అక్కడ చెప్పాడు. ఇల్లూ వాకిలీ వదిలి దండయాత్రలకు వెళ్లడం ఇష్టంలేక చాలా నగరాలు ఓడలు పంపడం మానుకుని, వాటి ఖరీదును డబ్బుగా కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ డబ్బుతో ఏథెన్స్ తన నౌకాదళాన్ని పెంచుకుంది. తీరా తిరగబడే రోజు వచ్చేసరికి వాటి దగ్గర ఓడలూ లేవు, యుద్ధంలో ఆరితేరిన మనుషులూ లేరు. ఇది ఆ నగరాలు తమ చేతులారా తెచ్చుకున్నదేనని ఆయన తీర్పు.

తెలుగు నేల మీద పుట్టినవాళ్లకు ఈ పేరా చదివితే 1800 సంవత్సరం గుర్తుకు రావాలి. ఆ ఏడాది అక్టోబరు 12న హైదరాబాద్ నిజాం ఆలీ ఖాన్, ఈస్టిండియా కుంపిణీ సైన్యం ఖర్చుకు బదులుగా బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కుంపిణీకి రాసిచ్చాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చింది. రెండు వేల రెండొందల ఏళ్ల ఎడం ఉన్న ఈ రెండు వ్యవహారాలనూ పక్కపక్కన పెట్టి చదవడం నాకు ముఖ్యమనిపిస్తుంది. పోలికలు ఆశ్చర్యం కలిగిస్తాయి. తేడాలు అంతకంటే ఎక్కువ నేర్పుతాయి, థూసిడిడీస్ తీర్పు ఎక్కడ నిలబడదో చూపిస్తాయి.

ముందు ఏథెన్స్ సంగతి. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర, మరుసటేడు ప్లాటియా దగ్గర పారశీకులు ఓడిపోయారు. గ్రీకు నగరాలు ఊపిరి పీల్చుకున్నాయి గాని భయం తీరలేదు. స్పార్టా సేనాని పౌసేనియస్ పొగరుకు విసిగిన అయోనియా నగరాలు, మీరే మాకు నాయకత్వం వహించండని ఏథెన్స్‌ను అడిగాయి. ఇది మరిచిపోకూడని విషయం. ఏథెన్స్ కత్తి చూపి ఆ కూటమిని కట్టలేదు, అడిగితే వచ్చింది. క్రీ.పూ. 478-477 చలికాలంలో ఏర్పడిన ఆ కూటమికి డెలోస్ దీవిలోని అపోలో ఆలయం ఖజానా అయింది. ఎవరు ఓడలివ్వాలి, ఎవరు డబ్బివ్వాలి అన్నది ఏథెన్స్ నిర్ణయించింది. ధర్మాత్ముడని పేరున్న అరిస్టైడిస్ వాటాలు కట్టాడు, మొత్తం ఏడాదికి 460 టాలెంట్ల వెండి. ఎవరూ గొణుక్కోలేదు.

ఆ తరవాత కథ వేగంగా నడిచింది. కూటమి వదిలి పోతానన్న నాక్సోస్‌ను ముట్టడించి లొంగదీశారు. గనుల దగ్గరా సంతల దగ్గరా ఏథెన్స్‌తో తగవు పడిన థాసోస్ క్రీ.పూ. 465లో తిరగబడింది, మూడో ఏట లొంగింది. కోటగోడలు పడగొట్టించి, ఓడలు స్వాధీనం చేసుకుని, ఇకమీదట డబ్బు కట్టమన్నారు. ఓడలున్న నగరం ఓడినప్పుడల్లా పైకం కట్టే నగరాల జాబితాలో ఒకటి చేరింది. క్రీ.పూ. 454లో ఖజానా డెలోస్ నుంచి ఏథెన్స్‌కు తరలిపోయింది. నౌకాబలంలో పేరుమోసిన సామోస్ కూడా 439లో ఓడలు పోగొట్టుకుంది. స్పార్టాతో పెలొపొనీషియన్ యుద్ధం మొదలయ్యేనాటికి సొంత నౌకాదళంతో మిగిలినవి కియోస్, లెస్బోస్ దీవులు రెండే.

ఇక దక్కన్. 1795 మార్చిలో ఖర్దా దగ్గర మరాఠాలు నిజాంను చావుదెబ్బ తీశారు. స్నేహితుడనుకున్న కుంపిణీ ఆ యుద్ధంలో చేయి అడ్డం పెట్టలేదు. దాంతో నిజాం, ఫ్రెంచివాడైన రేమండ్ కింద ఉన్న పటాలాలను పెంచుకున్నాడు. 14 వేల దాకా పెరిగిన ఆ సైన్యమే 1798లో కలకత్తాకు వచ్చిన గవర్నర్ జనరల్ వెల్లస్లీ కంట్లో పడింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న ఒడంబడిక కుదిరింది. కుంపిణీ పటాలాలు ఆరు హైదరాబాద్‌లో ఉంటాయి. వాటి ఖర్చుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. ఫ్రెంచి పటాలాలను రద్దు చేయాలి. అక్టోబరులో నిజాం దర్బారులోని కుంపిణీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, కిర్క్‌పాట్రిక్ ఆ పని పూర్తి చేయించాడు. రేమండ్ అప్పటికే, మార్చిలోనే చనిపోయాడు. జీతాలు అందక తమ అధికారుల మీదే తిరగబడిన సిపాయిలు కుంపిణీ ఫిరంగుల ఎదుట ఆయుధాలు కింద పెట్టారు. సైన్య సహకార పద్ధతి అని మన పాఠ్యపుస్తకాల్లో చదువుకునేది ఇదే. వెల్లస్లీ కట్టిన ఆ పద్ధతిలో మొదట చేరిన పెద్ద రాజ్యం హైదరాబాద్.

రెండేళ్లు తిరిగేసరికి డబ్బు నేల అయింది. 1792లోనూ 1799లోనూ టిపూ సుల్తాన్ రాజ్యం నుంచి తన వాటాగా వచ్చిన జిల్లాలను నిజాం కుంపిణీకి వదిలేశాడు. బదులుగా పటాలాలు ఎనిమిదయ్యాయి, రెండు అశ్వదళాలు వచ్చాయి, ఏటా సొమ్ము కట్టే బాధ తప్పింది. ఇతర రాజ్యాలతో సొంతంగా సంప్రదింపులు చేసే హక్కు పోయింది. నిజాం పిల్లలతో, బంధువులతో, ప్రజలతో తమకు ఏ ప్రమేయమూ ఉండదని, వాళ్ల మీద ఆయనకు సర్వాధికారం ఉందని కుంపిణీ అదే కాగితంలో మాటిచ్చింది. ఈ రెండు షరతులనూ కలిపి చదవాలి. బయటి ప్రపంచం ముందు రాజుకు నోరు లేదు, సొంత ప్రజల ముందు హద్దు లేదు.

ఇక్కడిదాకా చూస్తే 99వ అధ్యాయం అక్షరాలా దక్కన్‌లో జరిగినట్టే ఉంది. సొంత బలం డబ్బుగా మారింది, ఆ డబ్బు పరాయి బలాన్ని పోషించింది, ఆ పరాయి బలం ఎదుట బేరమాడే శక్తి పోయింది. శత్రువును ఓడించడం కంటే మిత్రుడి చేతిలోని ఆయుధాన్ని చందాగా మార్చడమే ఆధిపత్యానికి అసలైన పునాది అని రెండు చరిత్రలూ ఒక్క గొంతుతో చెబుతున్నాయి. ఆర్థిక చరిత్రకారుడు చార్లెస్ కిండిల్‌బర్గర్ 1973లో, 1930ల మాంద్యం నాటి ప్రపంచాన్ని నిలబెట్టే శక్తి బ్రిటన్‌కు మిగల్లేదని, అమెరికాకు ఇష్టం లేకపోయిందని రాశాడు. అప్పటినుంచి ఆధిపత్యాన్ని అందరికీ మేలు చేసే సేవగా చూసే సిద్ధాంతం ఒకటి బలపడింది. ఒక పెద్ద రాజ్యం భారం మోస్తే మిగతావి నీడపట్టున ఉంటాయన్నది దాని సారం. అందులో కొంత నిజముంది. ఏథెన్స్ ఓడలు తిరిగినన్నాళ్లు ఏజియన్ సముద్రంలో పారశీక నౌకాదళం బెడద లేదు. కానీ ఆ సిద్ధాంతం సేవ ఎవరు చేస్తున్నారని మాత్రమే అడుగుతుంది. ఆ సేవకు బదులుగా రెండో పక్షం చేతుల్లోంచి ఏం జారిపోతున్నదని అడగదు.

బలవంతులు తమ గురించి తాము చెప్పుకున్న మాటల్లో తేడా ఇంకా ఆసక్తికరం. పార్థినాన్ కట్టేటప్పుడు ఏథెన్స్‌లోనే అభ్యంతరం లేచింది. పారశీకుల మీద యుద్ధానికని మిత్రులు కట్టిన డబ్బుతో మన ఊరిని అలంకరించుకుంటున్నామే, ఇది తప్పు కాదా అని ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ ప్రత్యర్థులు సభలో అడిగారు. ప్లూటార్క్ రాసిన జీవితకథ ప్రకారం పెరిక్లీస్ జవాబు సూటిగా ఉంది. వాళ్లు ఒక గుర్రాన్నిచ్చారా, ఓడనిచ్చారా, సిపాయినిచ్చారా? ఇచ్చింది డబ్బే. డబ్బు ఇచ్చినవాడిది కాదు, దానికి తగిన పని చేసిపెట్టినంత కాలం పుచ్చుకున్నవాడిది. కాబట్టి లెక్క చెప్పనక్కర్లేదన్నాడు. ఆ మాటలో దాపరికం లేదు. దాచుకోవాలని ఏథెన్స్ అనుకోలేదు కూడా. క్రీ.పూ. 454 నుంచి ఏ నగరం పేరున ఎంత సొమ్ము దేవత అథీనాకు చేరిందో రాతి పలకల మీద చెక్కించి అక్రోపోలిస్ మీద నిలబెట్టారు. చెక్కింది దేవత వాటా, అంటే అసలు పైకంలో అరవయ్యో వంతు. ఆ పలకల ముక్కలు ఈనాటికీ ఉన్నాయి. వసంతకాలంలో డయోనిసస్ ఉత్సవం జరిగేటప్పుడు, నాటకశాల రంగస్థలం మీదికి మిత్రుల కప్పపు సొమ్మును మోసుకొచ్చి జనానికి చూపించేవారు. చూసేవాళ్లలో ఆ సొమ్ము తెచ్చిన మిత్రుల ప్రతినిధులూ ఉండేవారు.

కుంపిణీ భాష పూర్తిగా వేరు. ఒడంబడికల నిండా శాశ్వత మైత్రి, పరస్పర రక్షణ, విడదీయరాని ఐకమత్యం. అసలు ఉద్దేశం ప్రభుత్వపు లోపలి ఉత్తరాల్లో ఉంది. 1804 ఫిబ్రవరిలో వెల్లస్లీ హైదరాబాద్ రెసిడెంటుకు రాసిన ఉత్తరంలో సైన్య సహకార ఒప్పందాల మూలసూత్రాన్ని వివరించాడు. బ్రిటిష్ భద్రతకు ముప్పు తెచ్చే ఏ పనీ చేపట్టే వీలులేనంతగా ఆ రాజ్యాలను బ్రిటిష్ శక్తి మీద ఆధారపడేట్టు చేయడమే లక్ష్యమన్నాడు. పెరిక్లీస్ నలుగురిలో చెప్పినదాన్ని వెల్లస్లీ కవరులో పెట్టి పంపాడు.

ఏది నయం? నగ్నంగా మాట్లాడిన ఏథెన్స్‌కు నేను సద్గుణమేదీ అంటగట్టను. ఉత్సవంలో కప్పపు సొమ్ము చూపించడం మిత్రుల ముఖాన ఉమ్మడమే. కానీ బాహాటంగా ఉన్న ఆధిపత్యం మీద బాహాటంగా వాదించవచ్చు. పార్థినాన్ ఖర్చు మీద తగవు సభలో నడిచింది. తిరగబడిన లెస్బోస్ దీవి నగరం మిటిలీని మగవాళ్లందరినీ చంపాలని క్రీ.పూ. 427లో తీర్మానించిన సభే మరుసటి రోజు మళ్లీ కూర్చుని, చంపాల్సిందేనన్న క్లియోన్ వాదనను పక్కన పెట్టి, వద్దన్న డయోడోటస్ మాట విన్నది. చంపమన్న ఆజ్ఞతో ముందే బయల్దేరిన ఓడ వెనక రెండో ఓడ పరుగున వెళ్లి మారణకాండ మొదలవకముందే అందుకుంది. అయినా తిరుగుబాటు నాయకులన్న పేరున వెయ్యిమందికి పైగా చంపించారని థూసిడిడీస్ రాశాడు. కాబట్టి ఆ సభను మరీ మెచ్చుకోవడానికి లేదు. అయితే ఆ వాదనంతా మనకు తెలుస్తోంది, ఎవరు ఏమన్నారో తెలుస్తోంది. హైదరాబాద్ విషయంలో అలాంటి సభ లేదు. కలకత్తా మండలిలో, లండన్ డైరెక్టర్ల గదుల్లో, రెసిడెన్సీ కచేరీలో జరిగిన చర్చలు నిజాం ప్రజల చెవిన పడలేదు.

ఇప్పుడు అసలైన తేడా. మిత్రుల దుర్గతికి మిత్రులే కారణమన్న థూసిడిడీస్ తీర్పు దక్కన్‌లో ఎందుకు నిలబడదో ఇక్కడ తేలుతుంది. కడప రైతును ఎవరూ ఏమీ అడగలేదు. సైన్యం వద్దని, డబ్బిస్తానని అతను ఎక్కడా సంతకం చేయలేదు. సంతకం చేసిన నిజాంకు ఆ జిల్లాలు నిన్నగాక మొన్న యుద్ధంలో దక్కినవి, కొన్నిటి మీద ఏలుబడి ఏడాదిన్నర కూడా నిండలేదు. నిజాం వాటిని ఇచ్చి తన గద్దెకు కాపలా కొనుక్కున్నాడు. ఖరీదు చెల్లించినవాళ్లు ఆ పొలాలు దున్నుకునేవాళ్లు.

దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా అక్కడున్నాడు. ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్లను అణచి, గుడారాల్లో తిరుగుతూ ఊరూరా పొలాలు కొలిపించి, రైతువారీ శిస్తు కట్టాడు. వెళ్లిపోయే ముందు 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలని తానే సిఫారసు చేశాడు. వేసినవాడే అది ఎక్కువైందని ఒప్పుకున్నాడన్నమాట. అప్పట్లో ప్రభుత్వం వినలేదు, గ్రామాలను మూడేళ్ల గుత్తకు ఇచ్చేసింది. హైదరాబాద్ కోటకు కాపలా కాసే పటాలాల జీతం గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాల రైతుల గాదెల్లోంచి వచ్చిందని ఈ వరసలోంచి అర్థమవుతుంది.

ఇదే మన్రో 1817 ఆగస్టులో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్‌కు రాసిన ఉత్తరం, నా ఉద్దేశంలో, 99వ అధ్యాయం పక్కన పెట్టదగిన రచన. ఈ దేశంలో చెడ్డ పాలనకు మందు ఇంటి కుట్రో, తిరుగుబాటో, బయటివాడి దండయాత్రో అయ్యేదని ఆయన వాదన. బ్రిటిష్ పటాలం వచ్చి కూర్చోవడంతో ఆ మందులన్నీ పోయాయి. బయటి శత్రువు నుంచీ లోపలి శత్రువు నుంచీ కాపాడే పరాయి సైన్యం ఉండబట్టి రాజు సోమరి అవుతాడు. ప్రజల ద్వేషానికి భయపడాల్సిన పని లేదు కనక దురాశాపరుడూ క్రూరుడూ అవుతాడు. ఈ పద్ధతి ప్రవేశించిన చోటల్లా పాడుబడిన ఊళ్లు, తగ్గిపోయిన జనాభా కనిపిస్తాయని, పేష్వా, నిజాం రాజ్యాలే సాక్ష్యమని రాశాడు. ఈ ఒప్పందాలు తాము కాపాడతామన్న ప్రతి ప్రభుత్వాన్నీ చివరికి నాశనం చేస్తాయన్నది ఆయన నిర్ధారణ.

థూసిడిడీస్, మన్రో ఇద్దరూ ఏలే పక్షం మనుషులే. ఒకరు సేనానిగా క్రీ.పూ. 424లో ఆంఫిపోలిస్‌ను కాపాడలేక ఇరవై ఏళ్లు ప్రవాసంలో గడిపినవాడు. మరొకరు కుంపిణీ సిపాయిగా వచ్చి మద్రాసు గవర్నరుగా, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయినవాడు. ఇద్దరికీ తమ రాజ్యం మీద మమకారం ఉంది, దాని లోపం కనిపెట్టే కన్నూ ఉంది. అయితే థూసిడిడీస్ చూపు నగరం అన్నచోట ఆగిపోతుంది. నగరాలు సోమరులు, యుద్ధానికి సిద్ధంగా లేవు అంటాడు. ఒక నగరం లోపల ఎవరు సోమరి, ఎవరికి ఆ ఎంపికలో భాగముంది అని ఆ అధ్యాయంలో అడగడు. మన్రో ఒక మెట్టు దిగి రాజుకూ ప్రజలకూ మధ్యనున్న సంబంధంలో చెడుపు ఎక్కడ పుట్టిందో చూశాడు. ఈ విషయంలో కలెక్టరు చూపే చరిత్రకారుడి చూపు కంటే లోతైనది. శిస్తు లెక్కలు చూసినవాడికి ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందో తెలుస్తుంది.

ఆ ప్రశ్న వేయడానికి కావలసిన ఆధారం థూసిడిడీస్ పుస్తకంలో మరోచోట ఉందన్నది కూడా చెప్పాలి. మిటిలీని ముట్టడిలో తిండి అయిపోయినప్పుడు, స్పార్టా నుంచి వచ్చిన సలేథస్ సామాన్య జనానికి బరువైన ఆయుధాలు పంచాడు. ఆయుధాలు చేతికి రాగానే వాళ్లు దొరల మాట వినడం మానేశారు. దాచిన ధాన్యం బయటికి తీసి అందరికీ పంచండి, లేదంటే ఊరిని ఏథెన్స్‌కు అప్పజెబుతామన్నారు. దొరలకు లొంగుబాటు తప్పలేదు. అన్ని నగరాల్లోనూ సామాన్యులు మన పక్షమేనని డయోడోటస్ సభలో చెప్పింది ఈ సంఘటన పట్టుకునే. ఏథెన్స్ ఏలుబడిని మిత్ర నగరాల పేదలు కోరుకున్నారా అన్న దాని మీద చరిత్రకారుడు డి సాంట్ క్రోయి 1954లో రాసిన వ్యాసం లేపిన వాదం పండితుల మధ్య చాలాకాలం సాగింది. ఆ వాదం సంగతి ఎలా ఉన్నా, మిటిలీనిలో ఆయుధం జనం చేతికి వచ్చిన రోజున జనం మాట చెల్లింది. 1800 నాటి హైదరాబాద్ ఒడంబడిక సరిగ్గా దీనికి తలుపు మూసింది. సురపురం, గద్వాల జమీందారులు గాని, నిజాం ప్రజల్లో మరెవరైనా గాని పన్ను బకాయి పెట్టినా, తిరగబడినా కుంపిణీ పటాలం వచ్చి అణచాలని అందులో పేర్లతో సహా రాసుకున్నారు. గద్వాల పేరు అలా ఒక అంతర్జాతీయ ఒడంబడికలోకి ఎక్కింది.

నేల ఇచ్చాక కూడా డబ్బు గొడవ తీరలేదు. 1800 నాటి షరతు ప్రకారం యుద్ధం వస్తే నిజాం 6,000 కాల్బలం, 9,000 గుర్రపు దళం తన వంతుగా పంపాలి. మరాఠా యుద్ధాల్లో ఆ దళాలు సరిగా పనిచేయలేదన్న సాకుతో రెసిడెంటు హెన్రీ రస్సెల్ బ్రిటిష్ అధికారుల కింద మరో సైన్యం తయారు చేయించాడు. హైదరాబాద్ కంటింజెంట్ అని పేరుపడ్డ ఆ సైన్యం బొల్లారంలో మకాం పెట్టింది, శాంతికాలంలోనూ కదల్లేదు. ఏటా 40 లక్షల దాకా ఖర్చు నిజాం ఖజానా మీద పడింది. మంత్రి చందూలాల్ విలియం పామర్ కంపెనీ దగ్గర నూటికి ఇరవై నాలుగు దాకా వడ్డీకి అప్పులు తెచ్చాడు. 1823లో ఆ అప్పు తీర్చడానికి కుంపిణీ ముందుకొచ్చింది. ఉత్తర సర్కారులకుగాను తాను నిజాంకు ఏటా కట్టాల్సిన 7 లక్షల పేష్‌కష్‌ను ఒక్కసారిగా కోటీ పదహారు లక్షల చిల్లరకు కొనేసి, ఆ సొమ్ము పామర్ బాకీకి జమకట్టింది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరానికి నిజాంకు వచ్చే చివరి రూపాయి అలా తెగిపోయింది. కంటింజెంట్ ఖర్చు మాత్రం ఆగలేదు. అది కుంపిణీకే బాకీగా పేరుకుని 1853లో బేరార్, రాయచూరు, ధారాశివ్ జిల్లాలను లాక్కుంది. శాంతికాలంలో ఆ సైన్యాన్ని పోషించాలని 1800 ఒడంబడిక నిజాంను నిర్బంధించలేదని గవర్నర్ జనరల్ డల్హౌసీయే తన మినిట్‌లో ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, జిల్లాలు తీసుకున్నాడు.

దీనికి సరితూగేది ఏథెన్స్ చరిత్రలో లెస్బోస్ ఉదంతం. మిటిలీని లొంగాక దీవిలో మిథిమ్నా మినహా మిగతా భూమిని 3,000 ముక్కలు చేసి, 300 దేవుళ్లకు వదిలి, తక్కినవి ఏథెన్స్ పౌరులకు చీటీలు వేసి పంచారు. లెస్బోస్ వాళ్లు ఆ పొలాలనే దున్నుకుంటూ ముక్కకు ఏడాదికి రెండు మీనాల కౌలు కట్టారు. కానీ అది యుద్ధంలో ఓడినవాడి మీద వేసిన శిక్ష. బేరార్ పోయింది 1798 తరవాత కుంపిణీ మీద ఎన్నడూ కత్తి దూయని, ప్రతి యుద్ధంలో పక్కన నిలబడిన నమ్మకస్తుడికి. ఎదిరిస్తే ఏమవుతుందో ఏథెన్స్ కథ చెబితే, ఎదిరించకపోతే ఏమవుతుందో హైదరాబాద్ కథ చెబుతుంది.

ఈనాటి సంగతి ఒక మాటలో. అమెరికా స్థావరాల ఖర్చులో జపాన్ 1978 నుంచి భాగం పంచుకుంటోంది. నాటో దేశాలు స్థూల దేశీయోత్పత్తిలో 2 శాతం రక్షణకు ఖర్చు చేయాలని 2014లో, 2035 నాటికి 5 శాతానికి చేరాలని 2025లో తీర్మానించుకున్నాయి. పైకి ఇది ఏథెన్స్‌కు తలకిందుల వ్యవహారం, పెద్దన్నే మీ ఓడలు మీరు కట్టుకోండని అడుగుతున్నాడు. అయితే కొనే యుద్ధ విమానం ఎఫ్-35 అయితే విడిభాగాలకూ సాఫ్ట్‌వేర్‌కూ మళ్లీ అమెరికా వైపే చూడాలి. ఆయుధం ఎవరి గిడ్డంగిలో ఉందన్నది కాక, ఎవరి అనుమతి లేకుండా కదలదన్నది ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

ఆధిపత్యం తనను తాను అదుపు చేసుకుంటానని మాటిచ్చిన సందర్భాలు కూడా రెండు చోట్లా ఉన్నాయి. క్రీ.పూ. 404లో అంతా పోగొట్టుకున్న ఏథెన్స్, 377లో కొత్త కూటమి కడుతూ కప్పం అడగం, సైన్యం పెట్టం, అధికారిని పంపం అని రాతి మీద చెక్కించింది. ఇరవై ఏళ్లకే మిత్రులు మళ్లీ తిరగబడ్డారు, ఈసారి విడిపోయారు కూడా. 1858లో విక్టోరియా రాణి ప్రకటన ఇక రాజ్యాలు కలుపుకోబోమంది, ఒడంబడికలు గౌరవిస్తామంది. 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగొచ్చాయి, 50 లక్షల బాకీ మాఫీ అయింది. పత్తి పండే బేరార్ మాత్రం రాలేదు. నిజాం మంత్రి సాలార్‌జంగ్ అడిగీ అడిగీ 1883లో చనిపోయాడు. 1902లో వైస్రాయి కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నాడు.

ఏడో నిజాం ఉస్మాన్ ఆలీ ఖాన్ మళ్లీ అడిగాడు. విదేశాంగం తప్ప మిగతా విషయాల్లో తాను బ్రిటిష్ ప్రభుత్వంతో సమానుడినని 1925లో రాశాడు. 1926 మార్చి 27న వైస్రాయి రీడింగ్ ఇచ్చిన జవాబులో శాశ్వత మైత్రి భాష లేదు. భారతదేశంలో బ్రిటిష్ చక్రవర్తిదే సర్వోన్నత అధికారం, ఏ సంస్థానాధిపతీ సమానుడిగా మాట్లాడలేడు, ఆ అధికారం ఒడంబడికల నుంచి వచ్చింది కాదు, అవి లేకున్నా ఉంటుంది. నూట ఇరవై ఎనిమిదేళ్లు కాగితాల మీద నడిపిన సంబంధానికి కాగితాలతో పని లేదని తేల్చేశారు. క్రీ.పూ. 416లో మీలోస్ దీవి పెద్దలతో ఏథెన్స్ దూతలు మాట్లాడింది ఇలాగే. న్యాయం సమానుల మధ్య మాట, బలహీనులు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటారని చెప్పారు. మీలోస్ కూటమిలో లేదు, పైకం కట్టలేదు. అయినా క్రీ.పూ. 425 నాటి జాబితాలో దాని పేరున 15 టాలెంట్లు రాసి పెట్టారు. మీలోస్ కాదంది. మగవాళ్లను చంపి, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలుగా అమ్మి, 500 మంది సొంత మనుషులను అక్కడ కాపురం పెట్టించారు.

నిజాం కాదనలేదు, ప్రాణాలూ పోలేదు. రెండు ముగింపులనూ ఒకే గాటన కట్టను. మీలోస్‌లో జరిగింది సామూహిక హత్య. కానీ పోయినదాన్ని తిరిగి పొందే విషయంలో చరిత్ర విచిత్రంగా తిరిగింది. ఏథెన్స్ ఓడిన రోజుల్లో స్పార్టా సేనాని లైసాండర్, ప్రాణాలతో మిగిలిన మీలోస్ వాళ్లను వెతికించి వాళ్ల దీవి వాళ్లకు అప్పగించాడు. బేరార్‌కు అటువంటిది జరగలేదు. 1936 అక్టోబరులో కుదిరిన ఒప్పందం ఆ నేల మీద నిజాం సార్వభౌమత్వాన్ని గుర్తించింది, ఆయన పెద్దకొడుకుకు బేరార్ యువరాజు అన్న బిరుదు ఇచ్చింది, ఏటా 25 లక్షలు యథాప్రకారం వస్తాయంది. శిస్తు వసూలూ కోర్టులూ పోలీసులూ అన్నీ నాగపూర్ కిందే ఉండిపోయాయి.